ఎక్కడికి పంపినా

ఇన్‌స్పెక్షన్ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముప్ఫై నాలుగేళ్లు బాపట్ల చుట్టుపక్కల స్కూళ్లలో పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా. డీఈవో గారి జీపు ఊరి మొదట్లో దుమ్ము లేపేసరికి నా పిల్లల చేతిగోళ్లతో సహా అన్నీ సిద్ధంగా ఉండేవి. అందుకే 2014 మే నెలలో నా మనవరాలు సాత్విక స్కూలు నుంచి వస్తూనే "నానమ్మా, నెక్స్ట్ వీక్ పిల్లల హక్కుల వాళ్లు మా స్కూల్‌కి వస్తున్నారు" అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పటికి ఆ ద్వీపంలో అడుగుపెట్టి నెలన్నర అయింది. గొర్రెల్ని చూడటం, గాలికి కొంగు పట్టుకోవడం తప్ప నాకు వేరే పని లేదు.

ద్వీపం పేరు హెల్సే. స్కాట్లాండ్ అంతా అయిపోయాక, ఇక నేల లేదురా బాబూ అనుకున్న చోట, రెండు ఫెర్రీలు మారి వెళ్లాలి. నూట నలభై మంది మనుషులు, ఒక షాపు, ఒక స్కూలు, ఒక సర్జరీ. డాక్టరు కూర్చునే చోటుని అక్కడ సర్జరీ అంటారు. ఆ డాక్టరు మా అబ్బాయి హర్షవర్ధన్. మాంచెస్టర్ ఆసుపత్రిలో వేళాపాళా లేని డ్యూటీలతో విసిగిపోయి, ఏడేళ్ల కిందట పెళ్లాన్నీ నాలుగేళ్ల పిల్లనీ వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి పడ్డాడు. కోడలు మనస్విని కేంబ్రిడ్జ్‌లోని ఏదో కంపెనీకి ఇంట్లోంచే కంప్యూటర్ పని చేస్తుంది. గాలి గట్టిగా వీచినప్పుడల్లా ఇంటర్నెట్ పోతుంది, మనస్విని మొహం మాడిపోతుంది. గాలి గట్టిగా వీచని రోజు అక్కడ నేనైతే చూడలేదు.

ఆ ఇంట్లో నేను సాధించిన ఘనకార్యం ఒకటే, పెరుగు. ఆ చలికి పాలు తోడుకునేవి కావు. వేడినీళ్ల ట్యాంకు ఉండే అల్మారాలో, గిన్నెకి నా శాలువా చుట్టి పెట్టి, నాలుగోనాడు గడ్డపెరుగు తీశాను. అప్పటి నుంచి రోజూ సాయంత్రం సాత్వికకి పెరుగన్నం కలిపి, పైన క్యారట్ తురుము వేసి ముందు పెట్టేదాన్ని. "బాగుందా తల్లీ?" అంటే "ఐ డోంట్ మైండ్" అనేది. ఏమడిగినా అదే మాట. ఆ పిల్లకి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం చాలావరకు ఇంగ్లీషులోనే, అదీ ఆ ద్వీపం యాసలో. వంకలు పెట్టని పిల్ల, నా పోలికే అనుకుని మురిసిపోయేదాన్ని.

ఇంట్లో అప్పటికే ఒక సంగతి నలుగుతోంది. ఆగస్టుకి సాత్వికకి పన్నెండు నిండుతాయి. స్కూల్లో పైతరగతికి వచ్చేది ఇద్దరే, సాత్వికా, దాని క్లాసులోనే చదివే ఎల్సీ. ఇద్దరి కోసం ద్వీపంలోనే పైతరగతి నడపాలా, లేక ఇద్దర్నీ సముద్రం అవతల టౌన్‌లో ఉన్న హాస్టల్‌కి పంపాలా అని కౌన్సిల్ ఆలోచిస్తోంది. హాస్టల్ అంటే వారం విడిచి వారం ఇంటికి రావడం, అదీ ఫెర్రీ నడిస్తేనే.

"పన్నెండేళ్ల పిల్లని అక్కడ పెట్టి నేనిక్కడ కూర్చోలేను," అనేది మనస్విని. "హాస్టలే గతి అంటే మనం కేంబ్రిడ్జ్ వెళ్లిపోదాం. వాళ్లు ఎప్పట్నుంచో రమ్మంటున్నారు."

"నేను వెళ్లిపోతే ఇక్కడికి ఇంకో డాక్టర్ ఎప్పటికి వస్తాడు?" అనేవాడు హర్ష. ఇద్దరూ వాదించుకుంటూ మధ్యమధ్యలో సాత్విక వంక చూసేవాళ్లు. ఆ పిల్ల ప్లేటులోకి చూసుకునేది. నేను కోడలి పక్షమే. ఆడపిల్లని సముద్రం దాటించి హాస్టల్లో పడేయడమేమిటి, కడుపు చల్లగా ఇంట్లో ఉండక?

అయితే హక్కుల వాళ్లకీ ఈ హాస్టల్ గొడవకీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగడం నాకు అలవాటు లేని పని. చెప్పడమే అలవాటు.

శుక్రవారాలు మధ్యాహ్నం నేను స్కూలుకి వెళ్లి పిల్లలకి ఎక్కాలు, ముగ్గులు నేర్పేదాన్ని. ఆ గంటలో వాళ్ల టీచర్ మిసెస్ లీస్క్ పక్కగదిలో తన పని చూసుకునేది. బంగారంలాంటి మనిషి. మొత్తం అయిదుగురు పిల్లలు. ఆ శుక్రవారం ముగ్గులు పక్కన పెట్టి, అందర్నీ వరసలో నిలబెట్టాను.

"పెద్దవాళ్లు వస్తున్నారు. ఇది మీకు ఎగ్జామ్ అనుకోండి. వాళ్లు అడిగేవి నాకు తెలుసు. మీరు చెప్పాల్సినవీ తెలుసు," అన్నాను నా ఇంగ్లీషులో. "లోపలికి రాగానే ఏం చేస్తారు?"

లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పడం నేర్పాను. ఏమైనా ఇబ్బందులున్నాయా అంటే, ఏ ఇబ్బందీ లేదండీ, అంతా చాలా బాగుందండీ అనాలి. ఇక చివరి ప్రశ్న. మా ఊళ్లో అయిదో తరగతి వాళ్లని ఏ అధికారైనా అడిగి తీరేవాడు, హైస్కూలు మూడు కిలోమీటర్లు కదా, వెళ్తారా మానేస్తారా అని. దానికి నా పిల్లలు ముప్ఫై నాలుగేళ్లూ ఒకటే జవాబు చెప్పారు. దాన్నే ఇంగ్లీషులోకి మార్చి వీళ్ల చేత వల్లె వేయించాను. "ఎక్కడికి పంపినా మేం చక్కగా చదువుకుంటాం."

ఎల్సీ చెయ్యెత్తింది. ఎర్రజుట్టు పిల్ల, ముక్కు మీద మచ్చలు. "నాకు వెళ్లాలని లేకపోతే?" అంది.

"ఇన్‌స్పెక్టర్ ముందు అలా అనకూడదు తల్లీ. మీ టీచర్‌కి చెడ్డపేరు వస్తుంది."

ఎల్సీ పక్కగది తలుపు వైపు చూసి చెయ్యి దించేసింది. పదిసార్లు చెప్పించాను. పదోసారికి అయిదు గొంతులూ ఒకటయ్యాయి. ఇంటికొస్తూ చాలా రోజుల తర్వాత నాలో నేను పాట పాడుకున్నాను కూడా.

వచ్చినవాళ్లని చూసి మాత్రం నా మనసు చివుక్కుమంది. ఇద్దరు ఆడవాళ్లు. కర్స్టి అనే ముప్ఫై ఏళ్ల అమ్మాయి, ఆమె వెంట నోట్సు రాసుకునే ఒక పెద్దావిడ. జీపు లేదు, ఫైలు లేదు. ఫెర్రీలో కడుపు తిప్పి కర్స్టి మొహం పచ్చబడి ఉంది. గుమ్మంలో బూట్లు విప్పేసి, చిల్లు పడిన మేజోళ్లతో లోపలికొచ్చి, పిల్లల మధ్య కార్పెట్ మీద చతికిలబడింది. మిసెస్ లీస్క్ నన్ను తీసుకుని బయటికి నడిచింది. "పిల్లలు నా మొహం చూసి మాట్లాడకూడదు కదా," అంది. టీచర్ లేకుండా ఇన్‌స్పెక్షనేమిటి, నా మొహం! ఆవిడ ఆటస్థలంలోకి వెళ్లగానే, నేను టీ పెడతానని చెప్పి స్కూలు వంటగదిలోకి దూరాను. అక్కడి నుంచి క్లాసులోకి భోజనం అందించడానికి చెక్క తలుపున్న చిన్న కిటికీ ఉంది. దాన్ని రెండువేళ్ల మందం తెరిచి పెట్టుకున్నాను.

"గుడ్ మార్నింగ్ మేడమ్!" అని అయిదుగురూ ఒక్కసారిగా లేచారు. కార్పెట్ మీది కర్స్టి ఉలిక్కిపడి, తనూ లేవాలేమోనని సగం లేచి, మళ్లీ కూర్చుంది. నాకు నవ్వాగలేదు.

ఆ అమ్మాయి ఏవో స్టిక్కర్లు పంచింది. ద్వీపంలో మీకు నచ్చేదేమిటి, నచ్చనిదేమిటి అంది. ఏ ఇబ్బందీ లేదండీ, అంతా చాలా బాగుందండీ. పెద్దయ్యాక టౌన్‌లో హాస్టల్లో ఉండటం గురించి ఏమనుకుంటున్నారు అంది. ఎక్కడికి పంపినా మేం చక్కగా చదువుకుంటాం. పెద్దావిడ పెన్ను ఒక క్షణం ఆగి, మళ్లీ కదిలింది. కర్స్టి తల పక్కకి వంచి, "అందరూ అంతేనా? సాత్వికా, నువ్వు?" అని అదే ప్రశ్న ఇంకోలా అడిగింది.

సాత్విక నా కిటికీ వైపు చూసింది. నేను తల ఊపాను.

"ఎక్కడికి పంపినా నేను చక్కగా చదువుకుంటాను," అంది నా మనవరాలు. ఎల్సీ నేలచూపులు చూస్తూ అదే అంది. టీ తాగేటప్పుడు కర్స్టి నాతో, మీ పిల్లలంత క్రమశిక్షణ ఎక్కడా చూడలేదండీ అంది. మెచ్చుకోలు అనుకుని ఇంకో బిస్కెట్ ఇచ్చాను.

జూన్ వచ్చింది. అక్కడ మా రాష్ట్రం రెండయిందని టీవీలో చూశాం. ఇక్కడ వీళ్లు తమ దేశం విడిపోవాలా కలిసుండాలా అని సెప్టెంబర్లో ఓటేస్తారట. ఇళ్ల కిటికీల్లో కొందరు 'అవును' అని, కొందరు 'వద్దు' అని బోర్డులు పెట్టుకున్నారు. ఎవరి జవాబు వాళ్లు అద్దానికి అతికించుకుని, పక్కింటివాళ్లతో కలిసి గొర్రెల బొచ్చు కత్తిరించుకుంటున్నారు. ఫెర్రీలో తాడు విసిరే ఆయన కూతురికి పదహారేళ్లు, ఆ పిల్లకీ ఓటుందట. నాకు అంతా వింతగా ఉండేది. రోజూ నడకకి వెళ్లి ఏ కిటికీలో ఏముందో చూసి రావడం నాకో వేడుకైపోయింది.

అలా ఒకరోజు నడక నుంచి వచ్చేసరికి, వంటింటి బల్ల దగ్గర హర్ష చేతిలో కాగితాలున్నాయి. హక్కుల సంస్థ కౌన్సిల్‌కి ఇవ్వబోయే రిపోర్టు. ముందుగా తల్లిదండ్రులకి ఒక ప్రతి పంపారు.

"హెల్సేలో పిల్లలందరూ ఒకే మాటగా, చదువు కోసం ఎక్కడికి పంపినా వెళ్లడానికి సిద్ధమని తెలిపారు. ఇంత ఏకాభిప్రాయం మాకు మరెక్కడా కనిపించలేదు," అని వాడు తెలుగులో చెప్పాడు. "అయిపోయింది. ఇది చూశాక ఇద్దరి కోసం కౌన్సిల్ టీచర్ని ఎందుకు ఉంచుతుంది?"

మనస్విని కళ్లలో నీళ్లు తిరిగాయి. "సాత్వికా, నువ్వు నిజంగా ఇలా అన్నావా? నాతో ఒక్క ముక్క చెప్పకుండా?"

సాత్విక నన్ను చూసింది. ఒక్క రెప్పపాటు. తర్వాత వాళ్లమ్మ వైపు తిరిగి, "యెస్," అంది.

ఆ క్షణంలో చెప్పేయాలి. చెప్పలేదు. పెరుగు గిన్నె తెస్తానని అల్మారా దగ్గరికి వెళ్లి, ఆ వెచ్చటి చీకట్లో తలుపు పట్టుకుని నిలబడ్డాను. ముప్ఫై నాలుగేళ్లలో ఎంతమంది పిల్లల చేత "తప్పు నాదే టీచర్" అనిపించి ఉంటాను! నా నోటికి ఆ మాట రాలేదు. పదకొండేళ్ల పిల్ల నన్ను వెనకేసుకొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పొద్దున్నే సాత్వికని స్కూలుకి నేనే దిగబెడతానన్నాను. పావుగంట నడక. ఎడంపక్క సముద్రం, కుడిపక్క ముళ్లతీగ, గాలి మమ్మల్ని వెనక్కి నెడుతోంది.

"రాత్రి ఎందుకే అలా అన్నావు? నేను చెప్పించానని చెప్పొచ్చుగా?"

"అమ్మ నీ మీద షౌట్ చేస్తుంది కదా."

"పోనీ, ఆరోజు ఆ కర్స్టి అడిగినప్పుడైనా నీ మనసులో మాట చెప్పొచ్చు కదా?"

సాత్విక ఆగింది. విసుగు కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. "నువ్వు అది ఎగ్జామ్ అన్నావు కదా, నానమ్మా. ఎగ్జామ్‌లో రైట్ ఆన్సర్ ఉంటుంది కదా?"

ఆ పిల్లని గేటులోకి పంపి, అటునుంచటే సర్జరీకి నడిచాను. పేషెంట్ల గదిలో ఇద్దరు ముసలాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందే హర్షని పిలిచి, "ఆ కర్స్టి నంబరు కలిపివ్వరా" అన్నాను. వాడు ఎందుకన్నాడు. కలపమన్నాను.

"మేడమ్, నేను జయలక్ష్మిని, రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్‌ని," అన్నాను ఇంగ్లీషులో, అటెన్షన్‌లో నిలబడి. "మీరు రాసుకున్న జవాబులు పిల్లలవి కావు. నావి. అయిదుగురివీ నావే. తప్పు నాదే."

హర్ష చేతిలోని స్టెతస్కోపు బల్ల మీద పెట్టేశాడు. అవతల నుంచి కర్స్టి నెమ్మదిగా అంది. "అయిదుగురూ ఒకే మాట అనేసరికి అనుమానం వచ్చిందండీ. కానీ పిల్లలు చెప్పింది నమ్మకపోవడం కూడా తప్పే కదా, అందుకని రాశాం. మళ్లీ వస్తాను. ఈసారి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను. వాళ్లు చెప్పింది వాళ్లదే. ఏమడిగాను, ఏం చెప్పారు అని మీరెవరూ అడక్కూడదు. చెప్పాలనుకుంటే వాళ్లే చెప్తారు."

మనస్వినితో చెప్పడం ఫోనుకన్నా కష్టమైంది. ఆ అమ్మాయి అరవలేదు, అదే ఘోరం. "నా కూతురి గురించి నేను అయిదు నెలలుగా ఏడుస్తుంటే, మీరు ఇన్‌స్పెక్షన్ అనుకున్నారా అత్తయ్యా?" అని లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు నా కాఫీ నా ముందు పెట్టి, మాట్లాడకుండా వెళ్లింది. నేను కాఫీతో పాటు అదీ మింగాను.

కర్స్టి స్కూళ్లు మూసే ముందు వారం వచ్చింది. ఎక్కడ మాట్లాడాలో పిల్లలే ఎంచుకోవచ్చంది. ఎల్సీ వాళ్ల నాన్న పడవలో కూర్చుంటానంది. సాత్విక సముద్రపు ఒడ్డున నడుస్తానంది. నేను సర్జరీ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇసుక మీద రెండు బొమ్మలు, ఒకటి ఎర్ర కోటు, ఒకటి పసుప్పచ్చ కోటు. ఒకచోట ఆగారు. సాత్విక చేత్తో టౌన్ వైపు ఏదో చూపించింది. మళ్లీ నడిచారు. ఒకచోట ఇద్దరూ వంగి ఏదో ఏరుకున్నారు. గంటా పది నిమిషాలు! నా జన్మలో ఏ పిల్లతోనూ పది నిమిషాలకి మించి మాట్లాడి ఎరుగను, మాట్లాడటమంటే వాళ్లు చెప్పింది వినడం అయితే.

ఏం చెప్పి ఉంటుంది? హాస్టల్ వద్దనే చెప్పి ఉంటుంది. చెప్పాలి మరి. ఆ మాట కోసమే కదా నేను పరువు తీసుకుంది. సాయంత్రం పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేశాను. తలకి నూనె రాస్తూ, ఇవాళ గాలి బాగా ఉందే అన్నాను. చెప్పులో ఇసుకేమైనా పడిందా అన్నాను. "నానమ్మా, యూ ఆర్ నాట్ అలౌడ్ టు ఆస్క్," అని నవ్వింది. అయిదో రోజుకి నాకు నిద్ర కరువైంది.

ఆరో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఎవరూ ఏమీ అడక్కుండానే చెంచా కింద పెట్టింది.

"ఐ వాంట్ టు గో," అంది. "హాస్టల్‌కి."

మనస్విని నా వైపు తిరిగింది. "మళ్లీ మీరేనా అత్తయ్యా? నేర్పింది దీనికి వంటబట్టేసినట్టుంది!"

"నీమీదొట్టు, నేను కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ జవాబు అందరికన్నా ఎక్కువగా వద్దనుకుంటున్నది నేనే. అయినా సాక్షి నేనే కావాల్సొచ్చింది. "నేను చెప్పింది ఎక్కడికి పంపినా అని. ఇది చెప్తున్నది అది కాదు. విను మనస్వినీ. పూర్తిగా విందాం."

సాత్విక సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పింది. ఎల్సీకి వెళ్లాలని లేదు, వాళ్లమ్మ పోయి ఏడాదే అయింది, దాన్ని ఇక్కడే ఉంచాలి, దానికోసం టీచర్ ఉండాలి. తనకి మాత్రం వెళ్లాలనుంది. ద్వీపంలో తన వయసు పిల్ల ఎల్సీ ఒక్కతే, ఎల్సీకి పడవలంటే ఇష్టం, తనకి ఫిడేలు వాయించే వాళ్ల మధ్య కూర్చోవాలని ఉంది. హాస్టల్లో పద్నాలుగు మంది ఆడపిల్లలున్నారు. కానీ వారం విడిచి వారం కాదు, ప్రతి శుక్రవారం ఇంటికి రావాలి. వెళ్లేముందు ఒకసారి గది చూడాలి. కిటికీ పక్క మంచం కావాలి, అక్కడి నుంచి ఫెర్రీ వచ్చేది కనిపిస్తుంది. ఇవన్నీ కర్స్టితో కాగితం మీద రాయించింది.

"అండ్ మీరు కేంబ్రిడ్జ్ గురించి ఫైట్ చేసేటప్పుడు నన్ను చూడకండి," అంది చివర్న, చాలా చిన్న గొంతుతో. "అది నా వల్ల కాదు. అది మీరే డిసైడ్ చేసుకోవాలి."

మనస్విని లేచి వెళ్లి పిల్లని వెనక నుంచి కావలించుకుంది. హర్ష కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆ పిల్ల వెళ్లిపోతుందని కొంత, అన్ని మాటలు ఆ చిన్న బుర్రలో ఇన్నాళ్లూ ఉన్నాయా అని కొంత.

కౌన్సిల్ ఆ ఏడాదికి ఎల్సీ కోసం టీచర్ని ఉంచింది. ప్రతి శుక్రవారం ఇంటికి పంపడానికీ ఒప్పుకుంది. కేంబ్రిడ్జ్ సంగతి ఏడాది తర్వాత చూద్దామని మొగుడూ పెళ్లాలు తలుపేసుకుని మాట్లాడుకుని తేల్చుకున్నారు.

ఆగస్టు మూడో వారంలో సాత్వికని హాస్టల్లో దింపడానికి నేనూ మనస్వినీ వెళ్లాం. హర్షకి సర్జరీ వదిలి రావడం కుదరలేదు. మనస్విని ఆఫీసులో సంతకాలు పెడుతుంటే, నేనూ సాత్వికా వార్డెన్ ముందు కూర్చున్నాం. లావుపాటి మనిషి, నవ్వుమొహం. చేతిలో ఒక ఫారం. పిల్లలకి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో రాసుకోవాలట. పెన్ను పట్టుకుని, అలవాటుగా నా వైపే చూసింది. "సాత్వికకి తినడానికి ఏవంటే ఇష్టమండీ?"

ఇది నాకు రాని ప్రశ్నా? పెరుగన్నం, క్యారట్ తురుముతో. పాలు ఎలా తోడుపెట్టాలో కూడా ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి సంచిలో తెచ్చాను. నోరు తెరిచాను. తెరిచి, మూశాను.

"దాన్నే అడగండి," అన్నాను.

వార్డెన్ సాత్విక వైపు తిరిగింది. ఐ డోంట్ మైండ్ అంటుందనుకున్నాను. ఆ పిల్ల కాళ్లు ఊపుకుంటూ కాసేపు ఆలోచించింది. నావైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుంది.

"ఏదైనా తింటాను," అంది. "పెరుగు తప్ప. పెరుగంటే నాకు అస్సలు పడదు. ఎప్పుడూ పడదు."

అయిదు నెలలు! శాలువా చుట్టి, అల్మారాలో పెట్టి, రోజూ దగ్గర కూర్చుని, ఆఖరి ముద్ద దాకా తినిపించాను. ఒక్కరోజు ఆ పిల్ల మొహం చూశానా? నా సంచిలోని కాగితం నా ఒళ్లోనే బరువుగా అనిపించింది. వార్డెన్ తలూపుతూ ఫారంలో రాసుకుంది. సాత్విక చెవులు ఎర్రబడ్డాయి.

"సారీ, నానమ్మా," అంది నా కొంగు అంచు పట్టుకుని.

"సారీ ఎందుకే పిచ్చిదానా," అన్నాను. నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్లు నిండాయి. దాని పెట్టె పట్టుకుని ఇద్దరం మెట్లెక్కడం మొదలుపెట్టాం. గది మూడో అంతస్తులో ఉంది, నా మోకాళ్లకి మెట్టుకో క్షణం కావాలి. మొదటి మలుపు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని అడిగాను.

"మరి నీకేం ఇష్టమే?"

సాత్విక నా పెదాల వైపు చూసింది, జవాబు అక్కడేమైనా ఉందేమోనని. అక్కడ ఏమీ లేదు, నిజంగానే నాకు తెలియదు. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. మూడో అంతస్తు వచ్చేదాకా చెబుతూనే ఉంది.